బరువు కామా బాధ్యతలు

మట్టపర్తి వీరభాస్కరం చేసిన తప్పల్లా కుర్చీని తిరిగి ఇచ్చెయ్యడమే.

ఇస్తే ఇచ్చాడు, నోటిమాటగా చెప్పి ఊరుకోవచ్చు కదా! కాగితం రాసి మరీ ఇచ్చాడు. "నా శరీరపు బరువు బాగా తగ్గినందున ఈ ప్రత్యేక కుర్చీ నాకు ఇక అవసరం లేదని మనవి" అని రాసి కింద సంతకం కూడా పెట్టాడు. ఇరవై ఏళ్ళు పైబడిన సర్వీసు, సీనియర్ అసిస్టెంటు హోదా ఉన్న మనిషి. ఆఫీసులో కంటికి కనబడేది లేనట్టు లెక్కనీ, కాగితం మీదికి ఎక్కిందే ఉన్నట్టు లెక్కనీ ఆయనకు తెలియదనుకోలేం. కాని ఆ రోజు ఆయన మహా సంతోషంగా ఉన్నాడు. సంతోషంలో ఉన్న గుమాస్తా ఎంత ప్రమాదకరమైన కాగితమైనా రాసేస్తాడు.

ఆయన పనిచేసేది కాకినాడలో, ఉమ్మడి ఆస్తుల సంరక్షణ శాఖలో. పదిమందికీ చెందిన ఆస్తిని ఆ పదిమందిలో ఏ ఒక్కరికీ దక్కకుండా కాపాడడం ఈ శాఖ పని. అన్నదమ్ముల కొబ్బరితోటలు, పాడుబడ్డ సత్రాలు, వాటాలు తేలని చేపల చెరువులు, అన్నీ దీని కిందికే వస్తాయి. ఎవరైనా "అందులో నాకూ వాటా ఉంది" అని ఒక అర్జీ పడేస్తే చాలు, శాఖవారు వెళ్ళి పసుపురంగు రేకు బోర్డు ఒకటి పాతి వస్తారు. "ఈ ఆస్తి తగాదాలో ఉన్నది. యథాతథ స్థితి పాటించవలెను. ఎవ్వరూ ప్రవేశించరాదు" అని దాని మీద ఉంటుంది. పాతిన బోర్డు పీకిన చరిత్ర శాఖకు లేదు.

ఇక కుర్చీ సంగతి. ఏడాది కిందటి వరకూ భాస్కరం నూట నలభై ఆరు కిలోలుండేవాడు. మామూలు కుర్చీలు ఆయన కింద ఎక్కువకాలం బతికేవి కావు. రెండు మూడు నేలకొరిగాక ఆఫీసువాళ్ళు వెల్డింగు షాపులో చెప్పి, ఇనప కాళ్ళతో, అడ్డపట్టీలతో ఒక కుర్చీ చేయించారు. దాన్ని "సింహాసనం" అనేవారు. భాస్కరమూ నవ్వేవాడు. లావుగా ఉన్నవాడు తన మీద పడే జోకులకు అందరికంటే ముందు తనే నవ్వాలని ఆయన చిన్నప్పుడే నేర్చుకున్నాడు.

ఆయనకు నవ్వు రానిది ఒక్క స్కూటర్ దగ్గరే. పెళ్ళయిన కొత్తలో భార్య హైమావతిని వెనక కూర్చోబెట్టుకుని సాయంత్రాలు బీచి రోడ్డు మీద తిప్పేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ సీటు మీద ఆయన వాటా పెరుగుతూ, ఆవిడ వాటా తరుగుతూ వచ్చి, చివరికి ఆవిడకి వెనకున్న స్టెప్నీ చక్రం తప్ప మరేమీ మిగల్లేదు. అప్పట్నించీ పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఆయన స్కూటర్ మీద, ఆవిడ పక్కన ఆటోలో. ఆటోలోంచి తల బయటపెట్టి "ఏవండీ, గ్యాస్ కట్టేశారా?" అని ఆవిడ కేకెయ్యడం, హారన్ల మధ్య ఆయన "ఆఁ?" అనడం, ఆవిడ మళ్ళీ కేకెయ్యడం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్క ఆటోలో ఉన్న సొంత భార్యను చూసి ఆయన లోలోపల చాలా బాధపడేవాడు.

షుగరు పెరిగి, మోకాళ్ళు మొరాయించి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, హైమావతి హడలిపోయి డాక్టర్ షమీమ్ గారి దగ్గరికి లాక్కెళ్ళింది. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చెయ్యాలంది డాక్టరు. భాస్కరం పరీక్షలన్నీ చేయించుకుని, శాఖకు అర్జీ పెట్టి, అనుమతి తెచ్చుకుని బల్లెక్కాడు.

"ఇది మంత్రం కాదండీ భాస్కరంగారూ," అంది డాక్టరు కుట్లు చూస్తూ. "సగం పని నేను చేశాను. మిగతా సగం మీ నోరు చెయ్యాలి."

"తినడంలో నా నోటికి పేరుందండీ," అన్నాడు భాస్కరం.

"ఇప్పుడు తినకపోవడంలో తెచ్చుకోండి."

మొదట్లో గుక్కెడు గుక్కెడుగా మజ్జిగ తేట, పప్పుకట్టు. ఆ తర్వాత మెత్తటివి. పెసరట్టు మీద పెసరట్టు లాగించిన మనిషి పావు ఇడ్లీని పళ్ళెంలో పెట్టుకుని, తునకలు తునకలుగా తుంచి, నమిలి నమిలి మింగుతుంటే హైమావతి వంటింటి గుమ్మంలో నిలబడి కళ్ళొత్తుకునేది. ఒకసారి ఆత్రం కొద్దీ గరిటెడు ఉప్మా ఎక్కువ తిని మొత్తం కక్కుకున్నాడు. జుట్టు ఊడుతోందని దిగులుపడ్డాడు. ఎందుకు చేయించుకున్నానురా భగవంతుడా అని ఏడ్చిన పూటా ఉంది. కాని నెలనెలా బెల్టుకి కొత్త కన్నం పడుతూ వచ్చింది. వీధి చివరిదాకా నడవలేనివాడు మార్కెట్టుదాకా నడిచాడు, ఆ తర్వాత మార్కెట్టు దాటి నడిచాడు. ఏడాది తిరిగేసరికి తొంభై రెండు దగ్గర ముల్లు నిలబడింది. షుగరు మాత్ర మాన్పించేశారు.

"ఇక ఇక్కడే ఉండండి," అంది డాక్టరు. "పెరగొద్దు, తగ్గొద్దు."

భాస్కరం ఆసుపత్రి నించి తిన్నగా వెళ్ళి స్కూటర్‌ని రిపేరుకిచ్చాడు. ఆదివారం హైమని ఎక్కించుకుని బీచికి తీసుకెళ్ళాలి. ఆ ఊహతోనే ఆఫీసుకు నడిచివెళ్ళి, ఆ ఊపులోనే కుర్చీ కాగితం రాశాడు.

ఖర్మ ఏమిటంటే, సరిగ్గా అంతకుముందు నెలలోనే శాఖకు తెలుగు పూనకం వచ్చింది. పాలనంతా అచ్చతెలుగులో సాగాలని ప్రవర్తనా నియమాలన్నీ తర్జుమా చేయించి గెజిట్‌లో వేయించారు. అందులో పదకొండోది ఇది: "ఏ ఉద్యోగియు ముందస్తు అనుమతి లేనిదే తన బరువు, బాధ్యతలు తగ్గించుకొనరాదు. తగ్గించుకొనదలచినచో వాటిని తోటి ఉద్యోగికి విధిగా అప్పగించవలెను."

తర్జుమా చేసినవారు రాసింది "బరువు బాధ్యతలు" అనే. అచ్చువేసినవారికి ఆ రెండు మాటల మధ్య ఖాళీ వెలితిగా కనబడింది కాబోలు, ఒక కామా పెట్టి పుణ్యం కట్టుకున్నారు.

మూడో రోజుకల్లా భాస్కరం చేతికి మెమో వచ్చింది. "తమరు ముందస్తు అనుమతి లేకయే యాభై నాలుగు కిలోల బరువు తగ్గించుకొనినట్లు తమ స్వహస్తలిఖిత అంగీకారము ద్వారా కార్యాలయము దృష్టికి వచ్చినది. తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను."

భాస్కరం మెమో పట్టుకుని డిప్యూటీ డైరెక్టర్ పరబ్రహ్మంగారి గదిలోకి పరిగెత్తాడు. పరిగెత్తగలిగినందుకు ఆ కంగారులోనూ కాస్త ముచ్చటపడ్డాడు.

"సార్, అది బరువు బాధ్యతలండీ. రెండూ కలిసి ఒకే మాట. సంసారం బరువు బాధ్యతలంటాం చూడండి, అలాగన్నమాట."

"మరి కామా?" అన్నారు పరబ్రహ్మంగారు.

"అచ్చుతప్పండి!"

పరబ్రహ్మంగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "భాస్కరంగారూ, అది గెజిట్‌లో పడిన కామా. దాన్ని తప్పనడానికి మీరెవరు, నేనెవరు? ఆ కామాను తొలగిస్తూ మరో ఉత్తర్వు వచ్చేంతవరకూ బరువు వేరు, బాధ్యతలు వేరు. మీరు బాధ్యతలు తగ్గించుకున్నారని శాఖ ఎక్కడా ఆరోపించలేదు. మన శాఖలో ఎవరికీ ఉన్నవి కావు గనక తగ్గే ప్రశ్న రాదు. బరువు మాత్రం నిర్వివాదంగా ఉండేది."

"ఆపరేషన్‌కి తమరే కదండీ అనుమతిచ్చారు!"

"ఆపరేషన్‌కి ఇచ్చాం. తగ్గడానికి ఇచ్చామా? ఒక పనికి మన శాఖ అనుమతి ఇచ్చినంత మాత్రాన దానికి ఫలితం వచ్చేస్తుందని ఎవరైనా ఊహిస్తారటండీ?"

భాస్కరం ఔనన్నట్టు తలూపాడు. ఇన్నేళ్ళ అనుభవంలో అది నిజమే మరి. ఆఖరి ఆశగా డాక్టరుగారిచ్చిన సర్టిఫికెట్ బయటికి తీశాడు. "రోగి రికవరీ పూర్తిగా సంతృప్తికరము" అని రాసుంది అందులో. అది చదవగానే పరబ్రహ్మంగారి ముఖం వెలిగిపోయింది.

"రికవరీ పూర్తయిందా? ముందే చెప్పరేం మరి! రికవరీ చేసిన యాభై నాలుగు కిలోలూ ఎక్కడ జమ చేశారు?"

"జమ ఏవిటండీ, కరిగిపోయింది!"

"ఆ మాట కాగితం మీద రాయకండి," అన్నారాయన గొంతు తగ్గించి, నిజమైన దయతో. "ప్రభుత్వ పరిభాషలో దాన్ని దుర్వినియోగం అంటారు."

ఆ ఆదివారం స్కూటర్ నిగనిగలాడుతూ వాకిట్లో నిలబడింది. హైమావతి మల్లెపూలు పెట్టుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చింది. భాస్కరం అరుగు మీద కూర్చుని లేవలేదు.

"వద్దు హైమా. వీళ్ళు నన్ను మళ్ళీ పెరగమంటారేమోనని భయంగా ఉంది. ఒకసారి నిన్ను వెనక ఎక్కించుకుని, మళ్ళీ ఆటో ఎక్కించడం నావల్ల కాదు. ఇది తేలాకే వెళ్దాం."

హైమావతి పూలు తీసి స్కూటర్ హేండిల్‌కి చుట్టి లోపలికి వెళ్ళిపోయింది.

శాఖ ఊరుకుంటుందా? నియమంలో రెండో సగం ఉండనే ఉంది, తోటి ఉద్యోగికి అప్పగించవలెను అని. భాస్కరం సెలవులో ఉండగా ఆయన సీటు చూసినవాడు జూనియర్ అసిస్టెంటు సన్యాసిరావు. ఫ్యాను స్పీడు పెంచితే బల్ల పట్టుకుని కూర్చునే ప్రాణం. "బాధ్యతలు స్వీకరించియు బరువు స్వీకరింపకపోవుట" అనే నేరం కింద అతనికీ ఒక మెమో వెళ్ళింది. యాభై నాలుగు కిలోలనీ వెంటనే స్వాధీనపరచుకోవాలని ఉత్తర్వు. అందుకయ్యే తిండి ఖర్చు శాఖది. అప్పగించే అధికారి హోదాలో భాస్కరం దగ్గరుండి తినిపించి, ధ్రువీకరణ సంతకం చెయ్యాలి.

సన్యాసిరావు నెత్తిన ఎవరో పాలు పోసినట్టయింది. రోజూ మధ్యాహ్నం కాన్ఫరెన్సు హాల్లో అరిటాకు వేసేవారు. పులిహోర, గుత్తివంకాయ, పెరుగావడ, ఆపైన కాజాలు. ఎదురుగా భాస్కరం తన గిన్నెలో మూడు చెంచాల పెసరపప్పు, ఉడికించిన గుడ్డులో సగం పెట్టుకుని కూర్చునేవాడు.

"గురువుగారూ, కాజాలోంచి పాకం ఇలా కారుతుంటే తమకేం అనిపించట్లేదాండీ?" అనడిగాడు సన్యాసిరావు మోచేతిదాకా నాకుతూ.

"నోరు రమ్మంటోంది, పొట్ట ఛీ అంటోంది. నువ్వు కానియ్ నాయనా."

వారానికోసారి గోడౌన్‌లో కొబ్బరికాయల బస్తాలు తూచే కాటా మీద సన్యాసిరావుని నిలబెట్టి తూచేవారు. మొదటివారం కిలోన్నర పెరిగాడు. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. రెండోవారం అజీర్ణం పట్టుకుంది. దానికి తోడు మెమో దిగులు. మూడోవారం తూస్తే మొదటికంటే మూడు కిలోలు తక్కువున్నాడు. ఇంకేముంది, అనుమతి లేకుండా తగ్గినవాళ్ళు ఇద్దరయ్యారు!

ఇది అంటువ్యాధిలా ఉందని పరబ్రహ్మంగారు ముందుజాగ్రత్తగా ఆఫీసు మొత్తాన్ని కాటా ఎక్కించారు. సోమవారం పొద్దున్నే హాజరు వేలిముద్రతో కాదు, తూకంతో. శనివారం ఉపవాసముండేవాళ్ళు శుక్రవారమే అనుమతి తీసుకోవాలన్నారు. పొద్దున్నే పార్కులో నడిచేవారిని "అనధికార శరీర వ్యయము" కింద హెచ్చరించారు. టైపిస్టు ఒకాయన తిరుపతి వెళ్ళి తలనీలాలిచ్చి వచ్చాడు. ఆ జుట్టు ఎవరికి అప్పగించావని అడిగితే, వెంకన్నకి అన్నాడు పాపం. దేవుడు తోటి ఉద్యోగి కాడు గనక ఆ అప్పగింత చెల్లదని అతనికీ మెమో ఇచ్చారు. దాంతో మిగిలినవాళ్ళు క్షవరం మానేశారు. ఆఫీసు చూడ్డానికి ఋషుల ఆశ్రమంలా తయారైంది.

చివరికి పెద్ద పిడుగు భాస్కరం మీదే పడింది. సన్యాసిరావు స్వీకరణ విఫలమైనందున, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా సదరు బరువును భాస్కరమే పూర్వస్థితికి తేవాలనీ, లేకపోతే సస్పెన్షనే గాక ప్రమోషన్ లిస్టులోంచి పేరు కూడా పోతుందనీ ఉత్తర్వు వచ్చింది. తుది విచారణ సోమవారం. సంజాయిషీ చెప్పుకోవడానికి ఒక సాక్షిని తెచ్చుకోవచ్చు.

ఇంటికొచ్చి ఆ కాగితం హైమావతి ముందు పెట్టి భాస్కరం తలపట్టుకున్నాడు. "తినలేను, తింటే ఇమడదు. ఇమిడితే మళ్ళీ ఆ షుగరూ, ఆ మోకాళ్ళూ. తినకపోతే ఉద్యోగం పోతుంది. ఏం చెయ్యమంటావ్?"

హైమావతి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మా పుట్టింటి కొబ్బరితోటలో మీ శాఖవాళ్ళు పాతిన బోర్డు గుర్తుందాండీ?"

"ఇప్పుడా గొడవెందుకే?"

"నేను పరికిణీలు కట్టుకునేటప్పుడు పాతారు. మా బాబాయి వాటా ఉందని అర్జీ పెడితే. ఆయన పోయాడు, మా నాన్న పోయాడు, చెట్లు కూడా సగం పోయాయి. బోర్డుకి మాత్రం మొన్న మళ్ళీ రంగేశారు." కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. "సోమవారం సాక్షిగా నేనొస్తాను. మీరు నోరు మెదపకండి. ఈ ఏడాదిగా మీకు నోరు మూసుకోవడం బాగా అలవాటైంది కదా."

విచారణనాడు కాన్ఫరెన్సు హాలు గెడ్డాలతో కిటకిటలాడింది. పరబ్రహ్మంగారు ఆరోపణ చదివి ముగించగానే హైమావతి లేచింది.

"అయ్యా, ఆ యాభై నాలుగు కిలోలూ శాఖవంటున్నారు. శాఖేం పెట్టిందండీ ఈయనకి? పెట్టింది నేను. ఆవకాయలో వెన్నపూస కలిపి ముద్దలు చేసి పెట్టాను. ఆదివారం పలావు, సోమవారం మిగిలిన పలావు. నెయ్యి లేకుండా ఒక్క ముద్ద తినిపించలేదు. ఆ బరువు నా కష్టార్జితమండీ. మీదెలా అవుద్ది?"

పరబ్రహ్మంగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. "అమ్మా, అది ఏకపక్ష వాదన! మీరు తినిపించారు, కాదనను. అది అరగకుండా చూసిందెవరు? ఇరవై ఏళ్ళపాటు కుర్చీలోంచి లేవాల్సిన అవసరమే రాని ఉద్యోగం ఇచ్చిందెవరు? సమోసా తినేంత తీరికా, తిన్నాక కునుకు తీసేంత ప్రశాంతతా కల్పించిందెవరు? ఆ బరువులో శాఖకు న్యాయమైన వాటా ఉంది!"

"మీకు వాటా లేదని నేనన్నానాండీ?" అంది హైమావతి ఎంతో వినయంగా. "మీకూ ఉంది, నాకూ ఉంది. అంటే ఉమ్మడనే కదండీ?"

"ముమ్మాటికీ ఉమ్మడే!" అని బల్ల గుద్దారు పరబ్రహ్మంగారు.

సన్యాసిరావు చేతిలో కాజా అలాగే ఉండిపోయింది. హైమావతి బొడ్లోంచి మరో కాగితం తీసి బల్లమీద పెట్టింది.

"అయితే ఇదిగోండి నా అర్జీ. అందులో నాకూ వాటా ఉంది."

పరబ్రహ్మంగారు అర్జీ చదివారు. మళ్ళీ చదివారు. ఇన్ని వారాలుగా కామాతో కుస్తీపడి అలిసిపోయిన ఆయన ముఖంలోకి మెల్లగా ఏదో ప్రశాంతత వచ్చింది. ఎట్టకేలకు తనకు తెలిసిన దారిలో పడ్డారు. లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, ఉత్తర్వును ఆశువుగా చెప్పడం మొదలుపెట్టారు.

"మట్టపర్తి వీరభాస్కరముగారి శరీరము శాఖకును, శ్రీమతి హైమావతిగారికిని మధ్య తగాదాలో ఉన్న ఉమ్మడి ఆస్తిగా నిర్ధారణ అయినందున, తగాదా తేలువరకు సదరు ఆస్తి తొంభై రెండు కిలోల వద్ద యథాతథ స్థితిలో ఉండవలెను. దానిని పెంచుటగాని తగ్గించుటగాని ఎవ్వరును చేయరాదు. స్వీకరణ, అప్పగింత ప్రక్రియలన్నియు నిలిపివేయడమైనది. సస్పెన్షనును, ప్రమోషనును సైతము ఆస్తి స్థితిని మార్చు అవకాశమున్నందున వాయిదా వేయడమైనది."

పెరగొద్దు, తగ్గొద్దు. డాక్టర్ షమీమ్ గారు చెప్పిందీ అదే. ఆవిడ చెప్పినప్పుడు మాత్రం దానికి ఇంత చట్టబద్ధత లేదు. ప్రమోషన్ పోయిందే అని ఒక్క క్షణం గుండె చివుక్కుమంది గాని, ఆ క్షణం దాటాక భాస్కరానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"తగాదా ఎప్పటికి తేలుతుందండీ?" అనడిగాడు, నమ్మలేక.

పరబ్రహ్మంగారు నొచ్చుకున్నారు. "తేలడమా? మన శాఖలోనా?"

ఆ సాయంత్రమే రూలు ప్రకారం బోర్డు వచ్చింది. మనిషిని పాతలేరు గనక చిన్న రేకు కోయించి, పసుపురంగు వేయించి, తాడుకట్టి భాస్కరం వీపుకి తగిలించారు. సన్యాసిరావు గెడ్డం గీయించుకోవడానికి సెలూన్‌కి పరుగెడుతూ దారిలో ఆగి ఆ తాడు బిగించి మరీ వెళ్ళాడు.

గేటు బయట స్కూటర్ ఉంది. హైమావతి ఎప్పుడూ ఎక్కే ఆటో అబ్బులు అలవాటుగా బండి తీసుకొచ్చి పక్కన ఆపాడు. ఆవిడ అతనివైపు చెయ్యూపి పొమ్మంది. భాస్కరం స్కూటరెక్కి కూర్చున్నాడు. వెనక సీటు ఖాళీ ఉంది. ఆ ఖాళీకి ఎదురుగా, ఆయన వీపు మీద, "ఎవ్వరూ ప్రవేశించరాదు" అని ఉంది.

"దీని సంగతేం చేద్దామే?" అన్నాడు భాస్కరం మెడ తిప్పి. "తియ్యడానికి లేదట."

"తియ్యమని ఎవరన్నారు?" హైమావతి బోర్డుని పట్టుకుని మాలని తిప్పినట్టు ఆయన గుండెల మీదికి తిప్పేసింది. "అది బయటివాళ్ళకి. నేను వాటాదారుని."

ఎక్కి కూర్చుని, రెండు చేతులూ ఆయన నడుం చుట్టూ వేసింది. ఎన్నో ఏళ్ళకి ఆవిడ వేళ్ళు అవతలివైపు ఒకదాన్నొకటి అందుకున్నాయి. భాస్కరం కళ్ళు తుడుచుకోవడానికి ఒక నిమిషం పట్టింది.

మలుపు తిరిగాక ఆయన తనకు తెలియకుండానే చెవులు రిక్కించాడు, వెనకనుంచి రాబోయే కేక కోసం. కేక రాలేదు. చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గరగా మాట వినబడింది.

"గ్యాస్ కట్టేసే వచ్చాను. బీచికి పోనివ్వండి."